ఐపీని 15 మీటర్లు వెనక్కి జరిపిన కథ

ఉద్యోగంలో చేరిన మూడో నెలలో నాకు మొదటిసారి ఒక మలుపు అప్పజెప్పారు. మైదానంలో రెండు లేన్ల రోడ్డు, డిజైన్ వేగం గంటకు 80 కిలోమీటర్లు. 600 మీటర్లు తిన్నగా వచ్చిన రోడ్డు అక్కడ ఎడమకు 40 డిగ్రీలు తిరుగుతుంది. మలుపు లోపలివైపు చింతచెట్టు, బయటివైపు వరి మళ్లు. రెండు తిన్నని గీతలూ కలిసే చోటు, మా భాషలో ఐపీ, దాటాక 120 మీటర్లకు అలుగు వాగు మీద కొత్త కల్వర్టు. మలుపు దాని మీదికి పోకూడదు.

రోడ్ల ప్రమాణాలు ఇచ్చే ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) ప్రకారం 80 వేగానికి కనీస వ్యాసార్ధం 230 మీటర్లు. దాన్ని సగం కోణపు టాన్‌తో, అంటే టాన్ 20తో గుణిస్తే టాంజెంట్ పొడవు (ఐపీ నుంచి మలుపు కొసకు దూరం) 84 వచ్చింది. ఇంకా 36 మీటర్లు మిగిలాయని సంబరపడ్డాను. సూపర్‌ఎలివేషన్, అంటే మలుపులో రోడ్డు బయటి అంచును ఎత్తి ఇచ్చే వాలు, లెక్కేస్తే 12 శాతం దాటింది గానీ, మైదానంలో 7 మించకూడదు. ఆ హద్దు ఎందుకో కాలేజీలో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. రోడ్డు అంత వాలుగా ఉంటే నిదానంగా వచ్చే గడ్డి ట్రాక్టరు లోపలివైపుకి ఒరిగిపోతుందని మా సీనియర్ చెప్పారు. బండిని బయటికి తోసే బలంలో మిగతాది టైర్ల రాపిడి మోయాలి. అది 0.149 తేలింది. హద్దు 0.15!

సార్ డ్రాయింగు చూసి ఒక్కటే అడిగారు. "ట్రాన్సిషన్ ఏదయ్యా?"

తిన్నని గీతకీ వృత్తానికీ మధ్య వేసే మెల్లని వంపు అది. మర్చిపోయాను. తిన్నగా వస్తున్న బండి ఒక్కసారిగా వృత్తంలోకి దూకదు కదా. స్టీరింగ్ మెల్లగా తిరగాలి, రోడ్డు బయటి అంచూ మెల్లగా లేవాలి. కుదుపు తెలియకుండా ఉండాలంటే 93 మీటర్లు కావాలి, ఇంకో సూత్రంతో 75 చాలు. పెద్దదే పట్టుకోవాలి కాబట్టి 95 అనుకున్నాం. అందులో సగం టాంజెంట్‌కి కలుస్తుంది, వృత్తం కూడా మీటరున్నర పైగా లోపలికి జరుగుతుంది. టాంజెంట్ మళ్లీ లెక్కేస్తే 132. కల్వర్టు దాటి 12 మీటర్లు అవతలికి పోయింది.

వేగం 65కి, వ్యాసార్ధం 155కి తగ్గిస్తే టాంజెంట్ 95 మీటర్లలో సరిపోతుందని మర్నాడు ఉత్సాహంగా తీసుకెళ్లాను. "ఆరువందల మీటర్లు తిన్నగా వచ్చిన లారీవాడు నీ బోర్డు చూసి ఆగుతాడా? సైటుకెళ్లి చూడు" అన్నారు సార్.

వెళ్తే ఇంకో చిక్కు. 80 వేగంలో బండి ఆగడానికి 120 మీటర్ల దూరం కనిపించాలి. అంటే ఈ మలుపులో లోపలి లేన్ మధ్య నుంచి 7.8 మీటర్ల దాకా అడ్డేమీ ఉండకూడదు. చింతచెట్టు 4 మీటర్లలో ఉంది.

గట్టు మీద అటూ ఇటూ తిరుగుతుంటే తట్టింది. కల్వర్టువైపు గీతను అలాగే ఉంచి, దాని వెంటే ఐపీని 15 మీటర్లు వెనక్కి లాగితే? కోణం డిగ్రీకి కాస్త తక్కువగా పెరిగింది, టాంజెంట్ 134 అయింది, చోటు 135. మలుపు నడిమి భాగం 4.4 మీటర్లు బయటికి జరగడంతో చెట్టూ బతికింది. కానీ వచ్చే రోడ్డు ఐపీ దగ్గర తొమ్మిదిన్నర మీటర్లు మళ్లలోకి దిగింది.

సున్నం గీత వేస్తుంటే ఆ మడి పెద్దాయన వచ్చారు. "ఇన్నేళ్లూ రోడ్డు ఇక్కడే తిరిగింది కదా బాబూ, ఇప్పుడేమొచ్చింది?"

లారీలు, వేగం, అన్నీ చెప్పాను. చెట్టు ఉంటుందని కూడా చెప్పాను.

"చెట్టు ఎవరు నాటారో మాకు తెలీదు. ఈ మడి మాత్రం మా నాయన చేసింది" అన్నారాయన.

నా డ్రాయింగు రెండు రోజుల్లో పాసైంది. ఆయన పరిహారం ఫైలు నేను ఆ సైటు వదిలేనాటికి ఇంకా కదల్లేదు.