లోన్ తీరింది, ఈసీలో మాత్రం తీరలేదు

విద్యానగర్‌లోని మా పాత డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ రిజిస్ట్రేషన్ మొన్న శుక్రవారం పూర్తయింది. ఒళ్లు మండుతున్నప్పుడే ఇదంతా రాసేయాలని కూర్చున్నాను. ఇంకో నెల పోతే "పోనీలే, అయిపోయింది కదా" అనిపిస్తుంది నాకు. నా స్వభావం నాకు తెలుసు.

మూడో అంతస్తు, లిఫ్టు లేదు, అత్తయ్యగారికి మోకాళ్లు. అందుకే అమ్మకానికి పెట్టాం. కొనేవాళ్లు దొరకడం, బేరం కుదరడం సాఫీగానే జరిగాయి. 58 లక్షలకు తెగింది. అసోసియేషన్ నో డ్యూస్ (బాకీ ఏమీ లేదనే కాగితం), ఆస్తి పన్ను రసీదు, కరెంటు బిల్లు ఒక్క పూటలో ఫైల్లో పెట్టేశాను.

ఒక్కటి మాత్రం గొప్పగానే చెప్పుకుంటాను. కొనే అబ్బాయి మంచివాడే గానీ, వాళ్ల నాన్నగారు బేరం అయిన రోజే సోఫాలో ముందుకు జరిగి కూర్చుని, "గవర్నమెంట్ వాల్యూకి రిజిస్ట్రేషన్ చేయించుకుందామమ్మా, మిగతాది క్యాష్ ఇచ్చేస్తాం. ఇద్దరికీ లాభమే" అన్నారు. అంటే కాగితం మీద ప్రభుత్వం కట్టిన తక్కువ విలువే చూపించడం. ఇద్దరికీ ఎలా అవుతుందండీ? తెలంగాణలో స్టాంప్ డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, మొత్తం ఏడున్నర శాతం. 58 లక్షల మీద 4 లక్షల 35 వేలు. అది కట్టేది కొనేవాళ్లు. తగ్గితే మిగిలేది వాళ్లకి. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆ పైన నగదుగా తీసుకుంటే ఆదాయపు పన్ను వాళ్లు తీసుకున్నంతా పెనాల్టీ వేయగలరు, అదీ పుచ్చుకున్నవాళ్ల మీద. ఆదా వాళ్లది, పెనాల్టీ మనది. "కుదరదండీ, ప్రతి రూపాయీ బ్యాంకులోనే పడాలి" అన్నాను. మా బ్రోకర్ నావైపు చూసిన చూపు చూడాలి! అయినా బేరం చెడలేదు. గట్టిగా ఉంటే చెడదు కూడా.

అగ్రిమెంట్ రాసుకున్నాం, అడ్వాన్సు అకౌంట్లో పడింది, మూడు నెలల గడువు పెట్టుకున్నాం. ఆ అబ్బాయి హోమ్ లోన్‌కి అప్లై చేశాడు. అసలు కథ అక్కడ మొదలైంది.

వాళ్ల బ్యాంకు లాయర్ ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు వరుసగా చూపే కాగితం) తీయించి చూసి లోన్ ఆపేశాడు. నేనూ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో తీసి చూశాను. 2006లో మేం కొన్న సేల్ డీడ్ ఒక వరుస. దాని కింద ఇంకో వరుస, డిపాజిట్ ఆఫ్ టైటిల్ డీడ్స్ అని. నా పేరు పక్కన ఎంఆర్, బ్యాంకు పేరు పక్కన ఎంఈ. అంటే తాకట్టు పెట్టింది నేను, పెట్టించుకుంది వాళ్లు. ఆ తర్వాత ఏమీ లేదు. మేం 2013లోనే లోన్ మొత్తం కట్టేశాం. ఒరిజినల్ డాక్యుమెంట్లు నో డ్యూస్ లెటర్‌తో సహా చేతికిచ్చి, "అంతా క్లియర్ అమ్మా, ఇక నిశ్చింతగా ఉండండి" అన్నాడు అప్పటి మేనేజర్. తాకట్టు విడిపించినట్టు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిలీజ్ రాయించాల్సింది ఆ బ్యాంకు. ఆ పని చేయలేదు సరికదా, అలాంటిదొకటి ఉంటుందని మాటవరసకైనా చెప్పలేదు. ప్రభుత్వ రికార్డులో నా ఇల్లు ఇన్నేళ్లుగా తాకట్టులోనే ఉంది.

పైగా ఆ బ్యాంకు ఇప్పుడు లేదు. ఇంకో పెద్ద బ్యాంకులో కలిసిపోయింది. మా బ్రాంచిని కూడా ఎత్తేసి పక్క కాలనీలోని బ్రాంచిలో కలిపేశారు. ఫైలు పట్టుకుని అక్కడికి వెళ్లాను. లోన్ల సీటులో ఉన్న ఆఫీసరు నా నో డ్యూస్ లెటర్‌ని రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "మేడమ్, ఇది మా లెటర్‌హెడ్ కాదు" అన్నాడు.

"ఆ బ్యాంకు మీలోనే కలిసింది కదండీ?"

"కలిసింది. కానీ ఈ లోన్ నంబరు మా సిస్టమ్‌లో రావట్లేదు."

"రాదు బాబూ. 2013లోనే క్లోజ్ అయింది. అందుకే ఆ లెటర్ ఇచ్చారు."

"సిస్టమ్‌లో లేని లోన్‌కి మేం రిలీజ్ ఎలా ఇస్తాం మేడమ్?" అని, కాస్త ఆగి, "సార్ రాలేదా?" అన్నాడు.

ఈ "సార్ రాలేదా" అన్న మాట ఆ బ్రాంచిలో ఎంతమంది అన్నారో చెప్పలేను. ఫ్లాటు నా పేరు మీద ఉంది. సేల్ డీడ్‌లో ఫొటో నాది, వేలిముద్ర నాది. ముప్ఫై ఏళ్లుగా స్కూల్లో లెక్కలు చెబుతున్నాను, ఆ లోన్ వడ్డీ లెక్క ఆ ఆఫీసరు కంటే నేనే త్వరగా కట్టగలను. మా ఆయన ఉద్యోగం మీద విశాఖలో ఉంటారు, సంతకం చేయాల్సింది ఆయన కాదు అని చెబితే, "ఫోన్‌లో మాట్లాడిస్తారా?" అంటారు. ఒకసారి నిజంగానే మాట్లాడించాను. నాకు చెప్పిందే ఆయనకీ చెప్పారు, కాకపోతే ఆయనకి మర్యాదగా చెప్పారు.

మేనేజర్‌ని కలవాలంటే గాజు గది బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. నా తర్వాత వచ్చిన ఫిక్స్‌డ్ డిపాజిట్ ఆయన్ని లోపలికి పిలిచి టీ ఇచ్చారు. నేను లోపలికి వెళ్లేసరికి లంచ్ టైమ్. "రీజినల్ ఆఫీసుకి మెయిల్ పెట్టాం, రిప్లై రావాలి" అన్నారు. మెయిల్ చూపించమన్నాను. "ఇంటర్నల్ మేడమ్" అన్నారు. ఏ తేదీన పెట్టారో అయినా చెప్పమన్నాను. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పెట్టలేదని నాకు అర్థమైపోయింది. పిల్లలు హోమ్‌వర్క్ చేయకుండా వచ్చినప్పుడు పెట్టే మొహం అది.

ఈ మధ్యలో అగ్రిమెంటు గడువు కరిగిపోతోంది. కొనే అబ్బాయి రోజూ "ఏమైంది ఆంటీ?" అని మెసేజ్. వాళ్ల నాన్నగారు డబల్ అడ్వాన్సు వెనక్కివ్వాలన్న క్లాజు గుర్తు చేయడం. రాత్రిళ్లు నిద్ర లేదు, ఒకటే టెన్షన్. అప్పుడు మా బ్రోకర్ గారు తెలివి చూపించారు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో తనకి తెలిసినవాడున్నాడట, పాతిక వేలిస్తే ఈసీలోంచి ఆ ఎంట్రీ తీయించేస్తాడట! ఎవరైనా ఇలా చెబితే గుమ్మంలోంచే పంపించేయండి. ఈసీలోంచి ఎంట్రీ తీసేయడమంటూ ఉండదు. పాతది అలాగే ఉంటుంది. దాని డాక్యుమెంట్ నంబరుతో రిలీజ్ అనే కొత్త ఎంట్రీ కిందకు రావాలి. కొనేవాళ్ల బ్యాంకు చూసేది అదే.

ఆర్‌బీఐ 2023 సెప్టెంబర్‌లో ఒక ఉత్తర్వు ఇచ్చింది. లోన్ పూర్తిగా తీరిన 30 రోజుల్లో బ్యాంకు ఒరిజినల్ కాగితాలు తిరిగివ్వాలి, రిజిస్ట్రీలో ఉన్న తాకట్టు కూడా తీసేయించాలి. తన తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు పరిహారం. ఆ ప్రింటు తీసుకెళ్లి టేబుల్ మీద పెట్టాను. మేనేజర్ దాన్ని నాకంటే శ్రద్ధగా చదివి, "ఇది 2023 డిసెంబర్ 1 నుంచి మేడమ్, మీది 2013" అన్నాడు. నిజమే. ఆ ఒక్క కాగితం మాత్రం అంత త్వరగా చదివాడు! మీలో ఎవరికైనా ఈ మధ్యే లోన్ తీరి ఉంటే మాత్రం ఆ రూల్ మీ చేతిలో ఆయుధం, కాగితాలతో పాటు రిలీజ్ కూడా రాసిమ్మని అప్పుడే అడగండి.

చివరికి పని చేసింది ఇంకొకటి. బ్రాంచి ముందు నిలబడడం మానేసి, బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసరుకి లిఖితపూర్వకంగా ఫిర్యాదు పెట్టాను. నో డ్యూస్ లెటర్, క్లోజ్ అయినప్పటి అకౌంటు స్టేట్‌మెంట్, ఈసీ, రెండు బ్యాంకుల విలీనం గెజిట్ కాపీ అన్నీ జత చేశాను. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళతానని చివరి వాక్యం రాశాను. అంబుడ్స్‌మన్‌కి నేరుగా వెళ్లకూడదు, ముందు బ్యాంకుకి రాయాలి, ఫీజేమీ ఉండదు. కోపం, కన్నీళ్లు, మా అత్తయ్యగారి మోకాళ్లు ఏవీ ఆ ఉత్తరంలో లేవు, తేదీలు మాత్రమే ఉన్నాయి. ఆ తర్వాత ఫోన్ వాళ్లే చేశారు. సిస్టమ్‌లో లేని లోన్ దొరికింది. పాత రిజిస్టరులో ఉందట.

రిలీజ్ రాయించే రోజు బ్యాంకు తరఫున ఒక ఆఫీసరు స్వయంగా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకి రావాలి. క్యాబ్ నేనే పంపాను. స్లాటు టైమ్ దగ్గర పడుతోంది, ఆయన ఐడీ కార్డు తెచ్చారు గానీ, బ్యాంకు తరఫున సంతకం చేసే అధికారం తనకుందని చూపే పవర్ ఆఫ్ అటార్నీ కాపీ తేలేదు. బయట డాక్యుమెంట్ రైటర్ షాపులో కూర్చుని, ఆయన బ్రాంచికి ఫోన్ చేసి, వాళ్లు వాట్సాప్‌లో పంపితే ప్రింటు తీయించి, లోపలికి పరిగెత్తాం. పిలవబోయే ముందు రోజే ఈ కాపీ సంగతి ఆఫీసరుని అడగండి, ఆయనకి గుర్తుండదు.

కొత్త ఈసీలో ఆ వరుస వచ్చాక కొనేవాళ్ల లోన్ నాలుగు రోజుల్లో తేలిపోయింది. గడువు కాస్త పెంచుకున్నాం, వాళ్ల నాన్నగారు క్లాజు మాటెత్తలేదు. టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకుని కట్టే ఆదాయపు పన్ను) దగ్గర మళ్లీ చిన్న పేచీ. ధర 50 లక్షలు, ఆ పైన ఉంటే కొనేవాళ్లు ఒక శాతం, అంటే మాకు 58 వేలు, మినహాయించి మన పాన్ మీద కట్టాలి. పాన్‌కి ఆధార్ లింక్ కాకపోతే ఇదే 20 శాతం అవుతుంది, అది ముందే చూసుకోండి. "తర్వాత కడతాంలెండి" అన్నారు. చలానా చూపిస్తేనే సంతకం అన్నాను. చూపించారు. లాభం మీద పన్ను సంగతి మా సీఏ చూస్తున్నారు. 2024 జూలై 23కి ముందు కొన్న ఇల్లు కాబట్టి పన్నెండున్నర శాతమా, ఇండెక్సేషన్‌తో (కొన్న ధరని ధరల పెరుగుదలకి తగ్గట్టు పెంచి లెక్కేస్తే) 20 శాతమా, ఏది తక్కువైతే అది కట్టుకోవచ్చట.

రిజిస్ట్రేషన్ రోజు చెప్పుకోవడానికేమీ లేదు. ఫొటో, వేలిముద్రలు, సంతకాలు, తాళాలు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఒక్కరూ "సార్ రాలేదా" అనలేదు, వాళ్లకి కావాల్సింది నేనే కాబట్టి.

మిగిలింది బ్రోకర్ లెక్క. ఆయనకి మాట ప్రకారం మావైపు ఒక శాతం ఇవ్వాలి. కొనేవాళ్ల దగ్గర కూడా ఒక శాతం తీసుకున్నాడని ఆ అబ్బాయే చెప్పాడు. ఈసీ గొడవ వచ్చినన్నాళ్లూ ఫోన్ ఎత్తని మనిషి, శుక్రవారం సాయంత్రం నుంచి పూటకోసారి చేస్తున్నాడు. సగం ఇస్తానన్నాను. ఇంకా ఆలోచిస్తున్నాడు.