దారి ఎవరి చేతిలో ఉంటే వాళ్లతోనే బేరం

మొన్న ఫోన్లో మాటల మధ్య పశ్చిమాసియాలో ఏదో పేలుడు వార్త ప్రస్తావనకొస్తే, మా బావ ఎప్పటిలాగే ఒక్క ముక్కలో తేల్చేశాడు. "ఏముందిరా, అంతా ఆయిల్ కోసమే. ఆ టెర్రరిస్టు గ్యాంగుల్ని తయారు చేసేదీ అమెరికావాళ్లే, చంపేదీ వాళ్లే."

కాదు బావా అనబోయి ఆగిపోయాను. ఎందుకంటే 2003లో నేనూ అచ్చం ఇదే మాట అనేవాణ్ణి. ఆ ఏప్రిల్లో అమెరికా సైన్యం బాగ్దాద్‌లోకి దిగింది, ఊరంతా లూటీ, వేల ఏళ్ల నాటి వస్తువులున్న జాతీయ మ్యూజియంను జనం ఊడ్చేస్తుంటే ఆపిన దిక్కు లేదు, చమురు శాఖ భవనానికి మాత్రం అమెరికన్ సైనికుల కాపలా ఉంది. ఇంతకన్నా ఏం రుజువు కావాలి అనుకున్నాను అప్పట్లో.

ఆ తర్వాత ఈ విషయం మీద కంటపడిందల్లా చదువుతూ వచ్చాను. బావ మాట అబద్ధమని ఇప్పటికీ అనను, కానీ అది మరీ సుఖమైన మాట. అలా అనేస్తే ఎక్కడో ఒక గదిలో నలుగురు కూర్చుని గీసిన ప్లాన్ ఒకటి ఉందని, మిగతా వాళ్లంతా పాపం తెలియక చిక్కుకున్నారని తేలిపోతుంది. నాకు కనపడింది ప్లాన్ కాదు, బేరం. దారి ఎవడి చేతిలో ఉంటే వాడితో, బావి ఎవడు ఆక్రమిస్తే వాడితో. కంపెనీలు, ప్రభుత్వాలు, పొరుగు దేశాలు, ఆఖరికి ఆ ముఠాలతో యుద్ధం చేస్తున్నవాళ్లు కూడా అదే పని చేశారు.

1997 డిసెంబర్ చూడండి. తాలిబాన్ ప్రతినిధులు అమెరికాలోని టెక్సాస్ వెళ్లారు. అప్పటికి వాళ్లు కాబూల్ పట్టుకుని ఏడాది దాటింది, ఆడపిల్లల బడులు మూయించారు, వాళ్ల ప్రభుత్వాన్ని గుర్తించినవి ప్రపంచం మొత్తం మీద మూడే దేశాలు: పాకిస్తాన్, సౌదీ, యూఏఈ. అంతకు నెల ముందే అమెరికా విదేశాంగ మంత్రి ఆల్‌బ్రైట్ పెషావర్ దగ్గర శరణార్థి శిబిరానికి వెళ్లి, ఆడవాళ్లను తాలిబాన్ చూసే తీరు నీచమని అందరి ముందూ అన్నారు. మరి టెక్సాస్‌లో ఎవరు పిలిచారయ్యా అంటే యూనోకాల్ అనే చమురు కంపెనీ. తుర్క్‌మెనిస్తాన్‌లోని దౌలతాబాద్ గ్యాస్‌ను అఫ్గాన్ మీదుగా పాకిస్తాన్‌కు తేవాలన్నది వాళ్ల పథకం, వీలైతే అక్కణ్ణుంచి ఇండియా దాకా. అర్జెంటీనా కంపెనీ బ్రిదాస్ కూడా అదే పైప్‌లైన్ కోసం కాబూల్ చుట్టూ తిరుగుతోంది, అందుకని ఈ మర్యాదలు. అతిథులకు జూ చూపించారు, నాసా కేంద్రం చూపించారు, కంపెనీ వైస్ ప్రెసిడెంట్ ఇంట్లో విందు పెట్టారు. ఆ ఇంట్లో క్రిస్మస్ చెట్టు ఉందట, అదేమిటో దాని పైన ఆ నక్షత్రం ఎందుకో అడిగి తెలుసుకున్నారట వచ్చినవాళ్లు. కాబూల్‌లో టీవీ చూడటమే నేరం చేసినవాళ్లు, ఎవరింట్లోనో క్రిస్మస్ చెట్టు ముందు నిలబడి ఉన్న ఆ దృశ్యం నా బుర్రలోంచి పోదు.

ఆ బేరం తెగలేదు. 1998 ఆగస్టులో నైరోబీ, దార్ ఎస్ సలాంలలో అమెరికా ఎంబసీల మీద అల్ ఖైదా బాంబులు పేలి 224 మంది చనిపోయారు, దానికి బదులుగా అమెరికా అఫ్గాన్‌లోని శిబిరాల మీద క్షిపణులు వదిలింది, యూనోకాల్ పని ఆపేసి డిసెంబర్లో పూర్తిగా తప్పుకుంది. 2001లో అమెరికా అఫ్గాన్‌లో మొదలుపెట్టిన యుద్ధం ఆ పైప్‌లైన్ కోసమే అని ఇప్పటికీ గట్టిగా చెప్పేవాళ్లున్నారు. అదే నిజమైతే ఇరవై ఏళ్లు అక్కడ కూర్చున్న సైన్యం ఆ పైపు ఎందుకు వేయించుకోలేకపోయిందో కూడా చెప్పాలి కదా.

కొంచెం వెనక్కి వెళ్తే తప్ప ఇది అర్థం కాదు. ఇరాన్‌లో ప్రధాని మొసాదెక్ చమురును జాతీయం చేస్తే 1953లో బ్రిటన్, అమెరికా కలిసి ఆయన్ను దించేశాయి, ఇది అందరికీ తెలిసిన కథే, సీఐఏ కూడా తన పాత్ర ఒప్పుకుంది. అసలు మలుపు నా దృష్టిలో 1979. ఒక్క ఏడాదిలో ఇరాన్ షా పారిపోయాడు, నవంబర్లో మక్కా పెద్ద మసీదును సాయుధులు రెండు వారాలు ఆక్రమించుకున్నారు, డిసెంబర్లో సోవియట్ సైన్యం అఫ్గాన్‌లోకి దిగింది. అమెరికా అధ్యక్షుడు కార్టర్ 1980 జనవరిలో ఇచ్చిన ప్రసంగం చదివితే చమురు ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు: సోవియట్లు గల్ఫ్ చమురు ఓడలు బయటికొచ్చే హార్ముజ్ జలసంధికి దగ్గరగా వచ్చేశారు, పర్షియన్ గల్ఫ్ జోలికి ఎవరొచ్చినా అవసరమైతే సైనిక బలంతో అడ్డుకుంటాం అని సూటిగా చెప్పేశాడు. సోవియట్లతో పోరాడే అఫ్గాన్ ముజాహిదీన్లకు ఆయుధాలు పోయడానికి కారణాల్లో అదొకటి. అదే కారణమంతా కాదు, వియత్నాం దెబ్బకు బదులు తీర్చుకోవాలన్న కోరికా తక్కువేం కాదు.

ఇక్కడ మనవాళ్లు మర్చిపోయేది సోవియట్ల సంగతి. వాళ్లు 1960ల చివర్నుంచే ఉత్తర అఫ్గాన్‌లోని షిబర్‌గాన్ నుంచి గ్యాస్ పైపుల్లో తీసుకెళ్లేవాళ్లు. ఎంత వెళ్లిందో కొలిచే మీటరు ఎక్కడుండేదనుకున్నారు? సరిహద్దుకు సోవియట్ల వైపు! అమ్మేవాడి సరుకుకు కొనేవాడి ఇంట్లో తక్కెడ అన్నమాట. ఒక్క అమెరికానే చమురు గ్యాస్ లెక్కలు వేస్తుందనుకునేవాళ్లకు ఈ మీటరు గుర్తు చేయాలనిపిస్తుంది.

సరే, ఆయుధాలు. అమెరికా ఒక డాలరు ఇస్తే సౌదీ ఇంకో డాలరు కలిపేది, 1973 తర్వాత చమురు ధర పెరిగి వచ్చిపడ్డ డబ్బు అది. పంచే పెత్తనం మాత్రం పాకిస్తాన్ ఐఎస్ఐది. వాళ్లు ఎక్కువ వాటా ఎవరికిచ్చారు? అందరిలోకీ కరడుగట్టిన గుల్బుద్దీన్ హెక్మత్యార్‌కు. అమెరికా వాడు అడ్డు చెప్పలేదు, రష్యన్లను చంపుతున్నాడా లేదా అన్నదే లెక్క. అదే హెక్మత్యార్ 1992 తర్వాత కాబూల్ మీద రాకెట్లు కురిపించాడు, ఆ అంతర్యుద్ధంలో విసిగిపోయిన జనం మధ్యలోంచే 1994లో కాందహార్‌లో తాలిబాన్లు లేచారు, 2003లో అమెరికా ఆయన్నే టెర్రరిస్టుగా ప్రకటించింది. పాలు పోసిన చేత్తోనే కర్ర పట్టుకోవడమంటే ఇదే.

ఆయుధాల కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఒక లెక్కల పుస్తకం. 1980లలో అమెరికా సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ డబ్బుతో నెబ్రాస్కా యూనివర్సిటీ ఒమాహా క్యాంపస్ వాళ్లు అఫ్గాన్ పిల్లలకు పాఠ్యపుస్తకాలు తయారు చేయించారు, పదేళ్లలో 5.1 కోట్ల డాలర్లు ఖర్చయింది. అందులో నాలుగో తరగతి లెక్క ఒకటి ఇలా ఉంటుంది: కలాష్నికోవ్ తూటా వేగం సెకనుకు 800 మీటర్లు, ముజాహిద్‌కు 3200 మీటర్ల దూరంలో రష్యావాడు ఉన్నాడు, తలకు గురిపెట్టి కాలిస్తే తూటా నుదుటికి తగలడానికి ఎన్ని సెకన్లు పడుతుంది? జవాబు నాలుగు. మనం మామిడిపళ్లతో, రైళ్లతో నేర్చుకున్న భాగహారం వాళ్లు తూటాలతో నేర్చుకున్నారు. సోవియట్లు 1989లో వెళ్లిపోయారు గానీ పుస్తకాలు వెళ్లలేదు, తాలిబాన్ కాలంలో కూడా అవే నడిచాయి, బొమ్మల్లో మనుషుల ముఖాలు మాత్రం చెరిపేశారు. తుపాకులు అలాగే ఉంచారు.

ఇక ఐసిస్, అంటే ఇరాక్, సిరియాల్లో లేచిన ఇస్లామిక్ స్టేట్ ముఠా. ఇక్కడైతే చమురు వెనక్కెక్కడో కాదు, బట్టబయలుగా ముందే ఉంది. కానీ పుట్టుక చమురులో లేదు. 2003 మేలో బాగ్దాద్‌లో అమెరికా పాలకుడు బ్రెమర్ ఒక్క ఉత్తర్వుతో ఇరాక్ సైన్యాన్ని రద్దు చేశాడు, తుపాకి పట్టడం తప్ప ఇంకో పని రాని లక్షల మంది వీధిన పడ్డారు. సద్దాం వైమానిక రక్షణ విభాగంలో కల్నల్‌గా చేసిన హాజీ బకర్ తర్వాత ఐసిస్ నిర్మాణానికి మెదడయ్యాడు. దాని అధినేత అల్ బగ్దాదీ 2004లో అమెరికన్ల బుక్కా జైలులో ఉన్నవాడే. ఇది కుట్ర అనేవాళ్లకు నా జవాబు ఒకటే, ఇంత తెలివితక్కువ పనిని కావాలని ఎవరూ చేయరు.

2014 జూన్‌లో మోసుల్ పడిపోయింది, సిరియా తూర్పున దెయిర్ ఎజ్జోర్ చమురు బావుల్లో ఎక్కువ భాగం ఐసిస్ చేతికొచ్చాయి. అల్ ఒమర్ బావి దగ్గర ట్యాంకర్ డ్రైవర్లు సరుకు కోసం వారాల తరబడి లైన్లో పడిగాపులు పడేవాళ్లు. నాణ్యతను బట్టి బ్యారెల్‌కు 20 నుంచి 45 డాలర్లు, డబ్బు అక్కడికక్కడే. ఆ చమురును జనం పెద్ద పెద్ద తొట్లలో కాచి డీజిల్ తీసేవాళ్లు, ఆ పొగలో పిల్లలు పనిచేసేవాళ్లు. నెలకు 4 కోట్ల డాలర్ల దాకా వస్తోందని అమెరికా ఖజానా శాఖ అంచనా.

కొన్నదెవరు? అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం. టర్కీ సరిహద్దు దాటి దొంగ సరుకు వెళ్లింది. ఐసిస్‌తో పోరాడుతున్న తిరుగుబాటుదారులు కూడా జనరేటర్లకు దాని డీజిలే పోసుకున్నారు, ఇంకో దిక్కు లేదు. సిరియా అప్పటి అధ్యక్షుడు అస్సాద్ ప్రభుత్వమూ తక్కువ తినలేదు: ఐసిస్ చేతిలో ఉన్న ప్లాంట్ల నుంచి గ్యాస్ ప్రభుత్వ విద్యుత్ కేంద్రాలకు వెళ్లేది, ఇద్దరూ పంచుకునేవాళ్లు. ప్రభుత్వానికి ఆ చమురు కొనిపెట్టాడని ఒక సిరియా వ్యాపారి మీద 2015 నవంబర్లో అమెరికా ఆంక్షలు పెట్టింది. అదే నెలలో టర్కీ తమ యుద్ధవిమానాన్ని కూల్చిందన్న కోపంతో, టర్కీ అధ్యక్షుడు ఎర్దొగాన్ కుటుంబమే ఈ చమురు కొంటోందని రష్యా ఆరోపించింది, ఆ విమానం కూలక ముందు ఎందుకు నోరు విప్పలేదో మరి. ఇక ఫ్రెంచ్ సిమెంటు కంపెనీ లఫార్జ్, అది చమురు కంపెనీ కాదు గానీ కథ అదే, సిరియాలో ఫ్యాక్టరీ నడవడానికి, లారీలు చెక్‌పోస్టులు దాటడానికి ఐసిస్‌కు డబ్బు కట్టింది. 2022లో అమెరికా కోర్టులో తప్పు ఒప్పుకుని 77.8 కోట్ల డాలర్లు కట్టడానికి సిద్ధపడింది. తిలా పాపం తలా పిడికెడు.

2015 నవంబర్ 16న అమెరికా విమానాలు అబూ కమాల్ దగ్గర 116 ట్యాంకర్లను కాల్చేశాయి. దాదాపు ముప్పావుగంట ముందు కరపత్రాలు చల్లారు: ట్రక్కులు దిగి పారిపోండి అని. నడిపేవాళ్లు ఐసిస్ వాళ్లు కాదు, రోజు గడవడం కోసం తోలే మామూలు డ్రైవర్లు, అందుకే ఏడాదికి పైగా ఆ ట్యాంకర్ల జోలికి వెళ్లలేదు కూడా. అప్పు చేసి కొనుక్కున్న బండి తగలబడిపోతుంటే దూరంగా ఇసుకలో నిలబడి చూసినవాడికి ఐసిస్ మీద కోపం వచ్చిందా, అమెరికా మీద వచ్చిందా?

సిరియా యుద్ధమంతా ఖతార్ నుంచి సిరియా మీదుగా టర్కీకి వేయాలనుకున్న గ్యాస్ పైప్‌లైన్ వల్లే అని ఒక సిద్ధాంతం బాగా తిరిగింది, బావ ఫేవరెట్ కూడా అదే. నాకు నమ్మబుద్ధి కాదు. 2011 మార్చిలో దరాలో జనం రోడ్డెక్కింది గోడ మీద రాతలు రాసిన పిల్లల్ని పోలీసులు హింసించారని, పైపుల కోసం కాదు. గల్ఫ్ దేశాలు, టర్కీ అస్సాద్‌ను దించాలన్న తొందరలో ఎవరు పడితే వాళ్లకు డబ్బు, ఆయుధాలు కుమ్మరించాయని 2014లో అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు బైడెన్ స్వయంగా హార్వర్డ్‌లో నోరు జారి, తర్వాత టర్కీకి, యూఏఈకి క్షమాపణ చెప్పుకున్నాడు. దానికి పైప్‌లైన్ కన్నా అస్సాద్ వెనకున్న ఇరాన్ మీద పగ చాలు.

ఇదంతా అరబ్బుల గొడవ అనుకునేవాళ్లు ఆఫ్రికాలోని మొజాంబిక్ చూడాలి. ఉత్తరాన కాబో డెల్గాడోలో 2010లో సముద్రం కింద భారీగా గ్యాస్ దొరికింది. ప్లాంటు కోసం అఫుంగీలో జాలర్లను సముద్రానికి దూరంగా కొత్త కాలనీకి తరలించారు, పడవ ఒకచోట ఇల్లు ఒకచోట. మోంటెప్యూజ్‌లో కెంపుల గనుల్లో సొంతంగా తవ్వుకునే కుర్రాళ్లను తరిమేశారు. 2017 అక్టోబర్లో మొసింబోవా ద ప్రాయాలో దాడులు మొదలయ్యాయి, అక్కడివాళ్లు వాళ్లను అల్ షబాబ్ అంటారు, అంటే కుర్రాళ్లు అని. సోమాలియా గుంపు వేరు. ఐసిస్ జెండా తర్వాత వచ్చి చేరింది. 2021 మార్చిలో పాల్మా ఊరి మీద పడి చంపారు, దాదాపు 2,000 కోట్ల డాలర్ల ప్రాజెక్టును టోటల్ కంపెనీ ఆపేసింది, జులైలో రువాండా సైన్యం దిగింది. అందులో మన ఓఎన్‌జీసీ విదేశ్, ఆయిల్ ఇండియా, భారత్ పెట్రోలియం అనుబంధ సంస్థ, మూడింటికీ కలిపి 30 శాతం వాటా ఉంది. విదేశీ శక్తులు అన్నప్పుడల్లా మనం వేలు అటువైపే చూపిస్తుంటాం కదా, అందుకని చెప్పాను.

ఆ పాత అఫ్గాన్ పైప్‌లైన్ సంగతి మిగిలింది. పేరు ఇప్పుడు తాపీ (TAPI: తుర్క్‌మెనిస్తాన్, అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, ఇండియా పేర్ల మొదటి ఇంగ్లిష్ అక్షరాలు), పొడవు 1,800 కిలోమీటర్ల పైమాట, గ్యాస్ అదే తుర్క్‌మెనిస్తాన్ నుంచి. 2015లో శంకుస్థాపనకు అప్పటి మన ఉపరాష్ట్రపతి హమీద్ అన్సారీ వెళ్లొచ్చారు. 2024 సెప్టెంబర్ 11న, అవును తేదీ అదే, సరిహద్దు దగ్గర హెరాత్ వైపు ముక్క పనులు మొదలుపెట్టారు. అఫ్గాన్ తరఫున కూర్చున్నది తాలిబాన్ ప్రధాని.

బావకు ఇదంతా ఓపిగ్గా చెప్పాను, టెక్సాస్ విందు నుంచి హెరాత్ దాకా. చివరి దాకా విని అడిగాడు: "అయితే ఆ గ్యాస్ మనకొస్తుందా, రాదా?"