ఏది నమ్మకూడదో కంప్యూటరుకు నేర్పడం

అమెరికాలో ఎమ్మెస్ చేసి కృత్రిమ మేధ రంగంలోకి వస్తున్న మనవాళ్లు మోడల్ (డేటా చూసి నేర్చుకునే ప్రోగ్రాము) కట్టడమే పనంతా అనుకుంటారు. వెబ్ చదివి జ్ఞానం కూడబెట్టే వ్యవస్థలో ఎక్కువ కష్టం, చదివినదాంట్లో ఏది నమ్మకూడదో తేల్చడంలోనే ఉంది. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్‌లో టామ్ మిచెల్ బృందం 2010 జనవరిలో మొదలుపెట్టిన, వెబ్‌ను ఆపకుండా చదివి నేర్చుకునే ‘నెల్’ అనే ప్రోగ్రాము చరిత్ర చూస్తే ఇది బోధపడుతుంది.

దానికి నగరం, కంపెనీ వంటి 123 వర్గాలు, ‘ఫలానా కంపెనీ ఫలానా నగరంలో ఉంది’ వంటి 55 సంబంధాలు ఇచ్చి, ఒక్కోదానికి 10-15 ఉదాహరణలు చూపారు. తెలిసిన ఊళ్ల పేర్ల చుట్టూ ఏ మాటలు వస్తున్నాయో 50 కోట్ల పేజీల్లో వెతికి ప్యాటర్న్‌లు, అంటే పదేపదే వచ్చే మాటల వరుసలు, పట్టుకోవాలి. ఆ ప్యాటర్న్‌లతో కొత్త ఊళ్లు, వాటితో ఇంకొన్ని ప్యాటర్న్‌లు. ఒక్క తప్పు దూరిందంటే అదే తర్వాతి విడతకు పాఠమవుతుంది. బ్రౌజర్ కుకీలను బేకరీ తినుబండారాల్లో చేర్చుకున్న నెల్, వాటిలాగే ‘డిలీట్’ అవుతున్నాయి కాబట్టి కంప్యూటర్ ఫైళ్లనూ అందులోకే లాగింది. మొదటి 22 విడతల్లో సుమారు 90 శాతం ఉన్న కచ్చితత్వం 45-66 విడతలకు 57 శాతానికి పడిపోయింది.

దీనికి కళ్లేలు ఉన్నాయి. ఊరు మనిషి కాజాలదని ముందే చెప్పడం. ఒక విషయాన్ని పేజీల్లోంచి పట్టే పద్ధతుల్లో ఒక్కటే చెబితే, ఒకటికి 0.9కి మించిన నమ్మకం అడగడం, రెండు మూడు పద్ధతులు కలిసి చెబితే తక్కువకైనా ఒప్పుకోవడం. మధ్యమధ్య మనిషి సరిచూడటం.

మన పేర్ల దగ్గర మాత్రం ఈ కళ్లేలు పనిచేయవు. విదేశీ పత్రికలు పి.వి. నరసింహారావును ‘మిస్టర్ రావు’ అని రాశాయి. చివరి మాటే ఇంటిపేరనుకునే వ్యవస్థ రావులందరినీ ఒకే కుటుంబం చేస్తుంది. అందరూ మనుషులే కదా, వర్గాల తనిఖీకి ఇది దొరకదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో మిగతా పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లి, మొదటి పేరు చోట ‘ఎఫ్ఎన్‌యూ’ పడుతుంది. ‘మొదటి పేరు తెలియదు’ అనే ఆ గుర్తునే యంత్రం పేరుగా నేర్చుకోగలదు. కాబట్టి ‘ఎఫ్ఎన్‌యూ’ను ముందే నిషేధ జాబితాలో పెట్టాలి. చివరి మాట కలిసినంత మాత్రాన ఇద్దరిని కలపకూడదు; పుట్టిన ఏడు, ఊరు, పదవి వీటిలో రెండైనా సరిపోవాలి. ఇనీషియల్స్ రూపాన్నీ పూర్తి రూపాన్నీ రెండూ దాచాలి, ఒకదాన్ని చెరిపి ఇంకొకటి రాయకూడదు.

ఇలాంటి పరిశోధనలకు ఎక్కువగా వాడిన క్లూవెబ్09 అనే వెబ్ పేజీల సేకరణలో పది భాషలున్నాయి, తెలుగు లేదు. తెలుగులో ఇదే పని చేయాలంటే ‘విజయవాడ వంటి నగరాలు’, ‘నగరాల్లో’, ‘నగరాలకు’ యంత్రానికి మూడు వేర్వేరు ప్యాటర్న్‌లు. సాక్ష్యం మూడుగా చీలి ఏదీ గట్టిపడదు. ముందు విభక్తులు విడదీసి లెక్కపెట్టాలి. ‘విజయవాడ’నూ ‘బెజవాడ’నూ మాత్రం చేత్తోనే కలపాలి. అక్షరాల పోలిక చూసి కలిపే పద్ధతిని నమ్ముకుంటే ఆ రెంటికన్నా ముందు ‘అన్నవరం’, ‘గన్నవరం’ కలిసిపోతాయి.