లడ్లోలోని ‘ఫెదర్స్’ నమూనా: మూడో నెల పురోగతి

‘ఫెదర్స్’ అనే పాత కొయ్య చట్రపు భవనానికి 1:50 నిష్పత్తిలో నేను చేస్తున్న నమూనాలో ముఖభాగం ఈ నెలలో మూడో అంతస్తు వరకు వచ్చింది. చట్రం నిలబడింది కానీ, రంగు వేయడానికి ముందే ఒక నిర్ణయం తీసుకోవలసి వచ్చింది: ఈ నమూనా ఏ సంవత్సరపు భవనాన్ని చూపాలి?

వేల్స్ సరిహద్దుకు దగ్గరగా, ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్‌లో ఉన్న లడ్లో పట్టణంలో రీస్ జోన్స్ అనే న్యాయవాది 1619లో దీన్ని తన నివాసంగా కట్టించుకున్నాడు. వేల్స్‌నూ సరిహద్దు ప్రాంతాలనూ పాలించిన కౌన్సిల్ 1689లో రద్దయ్యే వరకు ఈ పట్టణమే దానికి కేంద్రం కాబట్టి, వ్యాజ్యాల కోసం వచ్చేవారికీ, వారి పక్షాన వాదించేవారికీ ఇక్కడ కొదవ ఉండేది కాదు. 1670లో ఆ ఇల్లు ప్రయాణికులకు బస, భోజనం అమ్మే పూటకూళ్ల ఇల్లుగా మారింది. ముఖభాగపు కొయ్యపై చెక్కిన నిప్పుకోడి ఈకలు, అంటే వేల్స్ యువరాజు చిహ్నం, దానికి పేరయ్యాయి. నేను 1670నే ఎంచుకున్నాను, ఎందుకంటే ఇల్లు ఊరందరిదీ అయిన ఆ ఘట్టమే నాకు అన్నిటికంటే ప్రియమైనది.

ఆ నిర్ణయంతో రంగు మారిపోయింది. ఇటువంటి ఇళ్లలో కొయ్యకు నలుపు, గోడకు తెలుపు వేయడం 19వ శతాబ్దంలో బాగా ప్రబలిన అలవాటు; రంగు వేయకుండా వదిలిన ఓక్ కొయ్య ఎండకూ వానకూ వెండి ఛాయకు తిరుగుతుంది. ఆ ఛాయ కోసం ఇనుప పీచును రెండు రోజులు వెనిగర్‌లో నానబెట్టి వడగట్టాను. నా చెక్కలో టానిన్ (ఇనుముతో కలిసి చెక్క రంగును మార్చే వగరు పదార్థం) తక్కువ కాబట్టి ముందుగా చిక్కటి టీ డికాక్షన్ రెండుసార్లు పూసి, ఆరాక ఆ ద్రావణం రాస్తే, కొద్ది నిమిషాల్లోనే చెక్క బూడిద రంగుకు వచ్చింది.

చట్రానికి 5 మి.మీ. చెక్క పట్టీలు వాడాను. నాటి వడ్రంగులు పచ్చి ఓక్‌ను తమ ఆవరణలోనే కోసి, అతుకులు సరిచూసి, ప్రతి దుంగపైనా రోమన్ అంకెల వంటి గుర్తులు గీసి, విప్పి తెచ్చి స్థలంలో చెక్క చీలలతో బిగించేవారు. నేనూ పట్టీల వెనుక అలాగే గుర్తులు పెట్టాను, 1 మి.మీ. రంధ్రాల్లో వెదురు పుల్లలు దిగ్గొట్టాక, ముందుకు పొడుచుకొచ్చే పై అంతస్తులు జిగురు ఒక్కదానితో అతికించినప్పటికంటే ఎంతో నిక్కచ్చిగా నిలిచాయి.

అసలు భవనాల్లో తడికె అల్లి మట్టి మెత్తిన చోట నేను సున్నం కలిపిన పుట్టీ నింపాను. ఒకేసారి 3 మి.మీ. మందాన నింపిన మొదటి ఆరు గళ్లూ పగిలిపోయాయి. వాటిని గీకి, రోజు విడిచి రోజు 1 మి.మీ. చొప్పున పూసినవి చెక్కుచెదరలేదు.

ఈకల చెక్కడాలను 6 మి.మీ. ఎత్తున ఎపాక్సీ పుట్టీతో, సూదిమొనతో గీస్తున్నాను, నాలుగు పూర్తయ్యాయి. తలుపు, వీధివైపు వేలాడే పేరు పలక, కిటికీల వజ్రాకారపు అద్దాలు వచ్చే నెల పని.