సముద్రం నీలంగా ఎక్కడుందిరా?

నా దగ్గర సముద్రం బొమ్మలు నలభై దాకా ఉన్నాయి. అన్నింట్లోనూ నీళ్లు నీలమే. వారమంతా అకౌంట్లు, ఆదివారం రంగులు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు కాబట్టి తప్పులన్నీ నా సొంతం. ఈ అక్టోబరులో నలుగురం ఫ్రాన్స్ ఉత్తర తీరానికి వెళ్లాం: నేను, మా ఆవిడ, మా అమ్మాయి, డెబ్బై ఆరేళ్ల మా అమ్మ. అమ్మకు అంతకు నాలుగు నెలల ముందే రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. తర్వాత అవసరం పడుతుంది కాబట్టి ఆ సంగతి ఇప్పుడే చెప్పేస్తున్నాను.

పారిస్‌లో సాఁ లజార్ స్టేషన్ నుంచి లె హావ్ర్ రేవుకు రైల్లో రెండు గంటల పైచిలుకు. 1877లో చిత్రకారుడు మోనే ఇదే స్టేషన్‌ను ఆవిరి ఇంజన్ల పొగతో సహా వరసగా బొమ్మలు వేశాడు. నేను మెడ వెనక్కి వాల్చి పైకప్పు అద్దాలు చూస్తుంటే మా ఆవిడ సామాన్లు లెక్కపెట్టింది. నావి మూడు. మిగతా ముగ్గురివీ కలిపి మూడు.

"ఏవండీ, ఆ మడత కుర్చీ కూడా తెచ్చారా?"

తెచ్చాను. నా కోసమని తెచ్చాను గానీ, దాంట్లో నేను కూర్చున్నది మొత్తం పది నిమిషాలు ఉంటుందేమో.

లె హావ్ర్‌లో రేవు ముఖద్వారం పక్కనే, నీళ్లకు ఎదురుగా, నిలువెత్తు అద్దాలతో ఒక మ్యూజియం ఉంది. 1961లో తెరిచారు. లోపల గోడ మీద సముద్రం, తల తిప్పితే అద్దంలోంచి అసలు సముద్రం. మోనేను ఊహించుకుంటూ వెళ్లాను. 1872లో ఈ ఊళ్లోనే, కిటికీలోంచి రేవును చూస్తూ, ఆ పొగమంచు సూర్యోదయం వేశాడు కదా. ఆ బొమ్మ మాత్రం ఇక్కడ లేదు, పారిస్‌లో ఉంది. ఇక్కడ నన్ను కట్టిపడేసింది బూదాఁ అనే చిత్రకారుడు.

యూజీన్ బూదాఁ ఓడ మనిషి కొడుకు. పక్కనున్న ఒన్‌ఫ్లోర్‌లో 1824లో పుట్టాడు. లె హావ్ర్‌లో కాగితాలు, ఫ్రేములు అమ్మే దుకాణం నడిపాడు. కుర్రవాడైన మోనే అప్పట్లో జనం మీద వెక్కిరింత బొమ్మలు గీసి అమ్ముకునేవాడు. అతన్ని ఆరుబయటికి లాక్కెళ్లి, ఆకాశం చూసి రంగులేయడం నేర్పింది ఈయనే. ఈయన పోయాక తమ్ముడు ఇచ్చిన చిన్న చిన్న స్కెచ్‌లు ఆ గోడల నిండా ఉన్నాయి. చాలావాటిలో ఒక మేఘం, కింద వేలెడంత నీరు, అంతే. నాకైతే పూర్తిచేసిన పెద్ద బొమ్మలకంటే ఇవే నచ్చాయి.

తన స్కెచ్‌ల మీద ఆయన తేదీ, వేళ, గాలి ఎటు వీస్తోందో రాసుకునేవాడు. 1859లో అవి చూసిన కవి బోద్లేర్, చేత్తో రాత మూసేసినా ఏ ఋతువో, ఏ వేళో, ఏ గాలో చెప్పేయవచ్చని మెచ్చుకున్నాడు. నా నలభై బొమ్మల వెనక ఏముందో తలుచుకున్నాను. నా సంతకం ఉంది. అదీ వంకర టింకర లేకుండా, బాగా సాధన చేసి పెట్టింది.

అమ్మ ఒక స్కెచ్ ముందు చాలాసేపు నిలబడింది. "ఇది వానకు ముందు. చూడు, నీళ్లు ఎలా నల్లబడ్డాయో" అంది. ఫ్రెంచిలో ఉన్న చీటీని మా అమ్మాయి ఫోన్లో చదివి చెప్పబోతే, "అక్కర్లేదులేవే, కనిపిస్తూనే ఉందిగా" అని ముందుకు నడిచింది.

మర్నాడు బస్సులో ఎత్రెటా. ఒక గంట ప్రయాణం. ఊరు చిన్నదే, రెండు కొండల మధ్య ఇరుక్కున్నట్టు ఉంటుంది. ఆ తెల్ల కొండలు సుద్ద. 9 కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున కంటికి కనపడని నాచు పెంకులు పేరుకుని గట్టిపడినవి. మధ్య మధ్య నల్లటి చెకుముకి రాయి చారలు, రూళ్ల కాగితం గీతల్లా. అలలు సుద్దను తొలిచి మూడు పెద్ద తోరణాలు చేశాయి. ఎడమ చేతి వైపుదాని పక్కన సూదిలాంటి కొండ ఒకటి నీళ్లలో ఒంటరిగా నిలబడి ఉంటుంది. ఒడ్డున ఇసుక లేదు. సుద్ద కరిగిపోయాక మిగిలిన చెకుముకి ముక్కలే అలల్లో దొర్లి దొర్లి నున్నబడ్డ గులకరాళ్లు. అల వెనక్కి వెళ్లేటప్పుడు అవన్నీ ఒక్కసారిగా గలగలమంటాయి. ఆ చప్పుడు ఏ బొమ్మలోనూ రాదు, అదొక్కటే నాకు బెంగ. రాళ్లు తీసుకెళ్లకూడదు. ఊరి మీదికి వచ్చే అలల జోరును విరిచేది ఆ రాళ్లే. అమ్మ అప్పటికే ఒకటి కొంగున ముడేసింది. మనవరాలు విషయం చెప్పాక విప్పి, తీసిన చోటు వెతికి మరీ పెట్టొచ్చింది.

ఈ తీరానికి రంగులవాళ్లు కట్టిన వరస చిన్నది కాదు. 1869లో కూర్బే వచ్చి తుపాను వెలిసిన కొండను వేశాడు. మోనే అయితే ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ వచ్చాడు. 1885లో ఆయన్ని ఇక్కడ చూసిన కథకుడు మొపాసా రాశాడు: వెనక పిల్లలు ఐదారు కాన్వాసులు మోసుకొస్తుంటే, ఒకే దృశ్యాన్ని వెలుగు మారినప్పుడల్లా కాన్వాసు మార్చి వేసేవాడట. మా అమ్మాయి నా అట్టలు మోస్తూ, "వాళ్లకు డబ్బులిచ్చేవాడా నాన్నా?" అని అడిగింది. నేను వినిపించుకోలేదు.

ఆ ఏడాది నవంబరులోనే ఆయన పోటు వేళ లెక్క తప్పాడు. మూడో తోరణం దగ్గర పనిలో మునిగి ఉండగా పెద్ద అల వచ్చి కొండకేసి కొట్టి, ఈజిల్‌తో సహా లాక్కుపోయింది. మనిషి బయటపడ్డాడు. రంగులన్నీ గడ్డానికి అంటుకున్నాయని, వేస్తున్న బొమ్మ పోయిందని ఉత్తరం రాసుకున్నాడు. ఈ కథ చెప్పానన్న పాపానికి మా ఆవిడ నీళ్లకు ఎంత దూరంలో కూర్చోవాలో తనే నిర్ణయించింది. పోటు మొదలైంది కూడా. ఇక్కడ ఆటుకూ పోటుకూ నీటిమట్టంలో తేడా ఒక్కోసారి ఏడెనిమిది మీటర్లు. ఒక గంటలో రెండుసార్లు వెనక్కి జరిగాం.

మడత కుర్చీలో అమ్మ కూర్చుంది. నేను రాళ్ల మీద. కాగితం క్లిప్పులు పెట్టి, అలవాటు ప్రకారం కుంచె కోబాల్ట్ నీలంలో ముంచాను.

"అదేంట్రా, సముద్రం నీలంగా ఎక్కడుంది?"

చూశాను. నిజంగానే లేదు. గట్టు దగ్గర పాలు కలిపినట్టు పచ్చగా ఉంది, సుద్ద కలిసిన నీళ్లు మరి. ఇంకొంచెం లోపలికి బూడిదరంగు. మేఘం నీడ పడ్డచోట పాచిరంగు.

"ఆ కొండ కూడా తెలుపు కాదు. నీడలో ఊదా. కింద ఎవరో నిమ్మకాయ పిండినట్టు లేదూ?"

తెల్ల కాగితాన్ని అలాగే వదిలేస్తే తెల్ల కొండ అయిపోతుందని ఇంటి దగ్గరే వేసుకొచ్చిన పథకం నాది. అది అక్కడే చెడింది.

శుక్లం పట్టిన కంటికటకం పసుపుపచ్చగా మారి, నీలాన్ని, ఊదాను చాలావరకు లోపలికి రానివ్వదు. అది తీసేశాక ఆ రంగులు ఒక్కసారిగా పొంగుకొస్తాయి. మోనేకు కూడా ముసలితనంలో ఇదే జబ్బు. 1923లో, ఎనభై దాటాక, కుడికంటికి ఆపరేషన్ చేయించుకున్నాడు. ఇదంతా నాకు తెలుసు. అమ్మకు తెలియదు. కానీ ఏళ్ల తర్వాత ఊదా చూస్తున్నది ఆమె. నేను చూస్తున్నది, ముప్ఫై ఏళ్లుగా నా బుర్రలో ఉన్న నీలం సముద్రాన్ని. కాస్త రోషం వచ్చింది, దాచుకోను. "నువ్వే వెయ్యమ్మా" అన్నాను. "నాకెందుకురా, చెప్తున్నానుగా" అంది.

సరే, చెప్పింది వేశాను. నీలంలో చిటికెడు పసుపు, గోధుమరంగు కలిపితే ఆ పాలపచ్చ దగ్గరికొచ్చింది. కొండ నీడకు ఊదా పల్చగా పూశాను. కొండ ఎత్తు మాత్రం ఎంతకీ రాలేదు, అరచేతిలో పట్టే సుద్దముక్కలా ఉంది. అప్పుడే మా ఆవిడ, అమ్మాయి తోరణం వైపు నడిచారు. అమ్మాయిది ఎర్ర జాకెట్టు. నా సముద్రాల్లో ఎప్పుడూ మనుషులుండరు, మనుషులు వేయడం రాదు కాబట్టి. కుంచె కొసతో ఒక ఎర్ర చుక్క, పక్కన నల్ల గీత పెట్టాను. కొండ అమాంతం లేచి నిలబడింది.

ఆ సంతోషంలో మోచెయ్యి తగిలి నీళ్ల సీసా రాళ్ల మధ్యకు ఒలికిపోయింది. అమ్మ సముద్రం వైపు చెయ్యి చూపించి, "అన్ని నీళ్లున్నాయి కదరా" అంది. నాకూ అదే తెలివైన పనిగా తోచి, బొమ్మలో ముందువైపు నీటిభాగం సముద్రపు నీళ్లతోనే పూర్తిచేశాను. ఎవరూ చేయకండి. ఆరుతున్న కొద్దీ రంగు గింజలు గింజలుగా విడిపోయింది. అది బాగానే ఉంది, గులకరాళ్లలాగే కనిపించింది. కానీ ఉప్పు గాలిలో తేమను పీలుస్తూనే ఉంటుంది కదా. రాత్రి గదిలో ముట్టుకున్నా తడే, మర్నాడు పొద్దున కూడా తడే. అట్టకూ అట్టకూ మధ్య మా ఆవిడ స్కార్ఫు పెట్టాను. ఆ స్కార్ఫు మీద ఇప్పుడొక పచ్చ మరక ఉంది.

తిరుగు రైల్లో ఆ బొమ్మ వెనక్కి తిప్పి, బూదాఁలాగా రాద్దామని పెన్సిల్ తీశాను. "ఎత్రెటా. 11-40. పడమటి గాలి. పోటు వస్తోంది." ఇంకో వరస కూడా: "అమ్మ చెప్పిన రంగులు."

మా ఆవిడ తొంగి చూసి, ఫోన్ తీసి ఫొటో చూపించింది. నేను, కుర్చీలో అమ్మ, సగం వేసిన బొమ్మ. దాని మీద 12-52 అని ఉంది.

"పదకొండు నలభైకి మనం ఇంకా బస్టాండు దగ్గర మీ కుంచెల సంచి వెతుకుతున్నామండీ."

రబ్బరు లేదు. కొట్టేసి, పక్కన రాశాను.