రికార్డు పుస్తకంలో గాలి బుడగలు

తొమ్మిదో తరగతిలో నేను గీసిన మొదటి పత్రరంధ్రం, అంటే గాలి రాకపోకలకు ఆకుకుండే సన్నని నోరు, అసలు పత్రరంధ్రమే కాదు. రియో అనే మొక్క ఆకును వంచి విరిచి, అడుగువైపునుంచి ఊదారంగు పొరను లాగి, స్లైడు మీద నీటిచుక్కలో పరిచి, తొందరపాటుతో పైన కప్పే పలుచని గాజుబిళ్లను, కవర్‌స్లిప్పును, ఒక్కసారిగా పడేశాను. లోపల చిక్కుకున్న గాలి బుడగల నల్లటి గుండ్రని అంచులను చూసి, ఆకు నోళ్లు దొరికాయని సంబరపడి, వాటినే రికార్డులో శ్రద్ధగా గీశాను. మా జీవశాస్త్రం మాస్టారు దాని కింద ఎర్రసిరాతో, "ఇది ఆకు గాలి కాదు, నువ్వు పెట్టిన గాలి" అని రాశారు.

మర్నాడు ఆయన పక్కనే నిలబడి, సూదితో కవర్‌స్లిప్పును ఏటవాలుగా దించడం నేర్పారు. అప్పుడు కనిపించాయి: ఊదా కణాల నడుమ అక్కడక్కడా, చిక్కుడు గింజల్లా ఎదురెదురుగా ఒదిగిన రెండేసి ఆకుపచ్చ కణాలు, వాటి మధ్య సన్నని చీలిక. స్లైడుకు ఒకవైపు ఉప్పునీటి చుక్క వేసి, రెండోవైపు బ్లాటింగ్ కాగితం ఆనించగానే, చుట్టూ ఉన్న కణాల్లోని ఊదారంగు ముడుచుకుపోయింది, కాసేపటికి చీలికలూ మూసుకున్నాయి. రక్షక కణాలనే ఆ జంట కణాల్లోకి పొటాషియం అయాన్లు చేరినప్పుడు వాటి వెంట నీరు వస్తుందనీ, చీలికవైపున్న లోపలి గోడ మందంగా ఉండటం వల్ల కణం బయటికి విల్లులా వంగి రంధ్రం తెరుచుకుంటుందనీ, నీరు పోతే మూసుకుంటుందనీ ఆయన చెప్పింది ఆ ఉప్పునీటి వల్లే నా తలకెక్కింది.

"ఆకు గాలి పీలుస్తుంది" అనే మాట ఆయనకు నచ్చేది కాదు. పీల్చడానికి దానికి రొమ్ము లేదు. గాలిలో సుమారు 0.04 శాతమే ఉన్న కార్బన్ డై ఆక్సైడ్, వెలుతురులో ఆకు లోపల ఖర్చవుతూ ఇంకా పలుచనవుతుంది కాబట్టి, వ్యాపనం ద్వారా, అంటే ఎక్కువున్న చోటినుంచి తక్కువున్న చోటికి పాకుతూ, తనంతట తానే లోపలికి చేరుతుంది. శ్వాసక్రియ రాత్రింబగళ్లూ సాగుతూనే ఉన్నా, పగలు కిరణజన్య సంయోగక్రియ దాన్ని మించిపోవడం వల్ల ఆక్సిజన్ బయటికి వస్తుంది. తెరిచిన ఆ దారినే నీటి ఆవిరీ పోతుంది. కార్బన్‌కు నీటితో మూల్యం చెల్లించక తప్పదు. అందుకే ఎడారి జెముళ్లు రాత్రిపూట తెరుస్తాయి. నీటిమీద తేలే తామరాకుకు రంధ్రాలు పైవైపునే ఉంటాయి.

నా రెండో బొమ్మకు పదికి ఏడు మార్కులు వచ్చాయి. లోపలి గోడను మందంగా గీయనందుకు మూడు పోయాయి.