మందులేవీ వాడటం లేదని రాశాను

గత ఏడాది వైద్య పరీక్షలకు వెళ్లినప్పుడు నింపమని ఇచ్చిన పత్రంలో ‘ప్రస్తుతం వాడుతున్న మందులు’ అన్న గడిలో ‘ఏవీ లేవు’ అని రాశాను. అబద్ధం చెప్పాలన్న ఉద్దేశం నాకు లేదు. అప్పటికి మూడు నెలలుగా రోజూ పరగడుపున రెండు బరువు తగ్గించే క్యాప్సూళ్లు మింగుతూనే ఉన్నాను గానీ, వాటిని మందులుగా లెక్కించాలన్న ఆలోచనే రాలేదు. సీసా మీద పచ్చని ఆకుల బొమ్మ ఉంది, ‘సహజం’ అన్న మాట ఉంది, కొనేటప్పుడు మందుల చీటీ ఎవరూ అడగలేదు. రక్త పరీక్షలో ఏఎల్‌టీ అనే కాలేయ ఎంజైము గరిష్ఠ పరిమితికి నాలుగు రెట్లు ఉన్నట్టు తేలింది. వైద్యురాలు మద్యం అలవాటు గురించి, పాత కామెర్ల గురించి విచారించాక, కాసేపాగి, ‘మందులు కాకుండా ఇంకేమైనా మింగుతున్నారా?’ అని అడిగారు.

ఆ చివరి ప్రశ్న రాకపోయి ఉంటే నా ఫలితాన్ని కొవ్వు కాలేయం ఖాతాలో వేసేసి ఉండేవారనడంలో సందేహం లేదు. బరువు తగ్గాలనుకునేవారిలో చాలామందికి కాలేయంలో కొవ్వు ముందే పేరుకుని ఉంటుంది, దానివల్ల కూడా ఏఎల్‌టీ కొంత పెరుగుతుంది. కాబట్టి క్యాప్సూలు చేసిన హానికి కొవ్వు మీద నింద పడుతుంది. పడ్డాక ‘బరువు తగ్గండి’ అన్న సలహా వస్తుంది. ఆ సలహా విన్న మనిషి అదే క్యాప్సూలును మరింత శ్రద్ధగా వేసుకుంటాడు. నేనైతే తప్పకుండా అలాగే చేసేవాణ్ని.

నా సీసాలోని ప్రధాన పదార్థం గ్రీన్ టీ సారం. ‘టీ తాగితే కాలేయానికి ఏమవుతుంది?’ అని నేను వాదించిన మాట నిజమే, ఆ వాదనలో కొంత న్యాయమూ ఉంది. వేడినీటిలో కాచి తాగే గ్రీన్ టీ విషయంలో సాధారణంగా భయపడవలసింది లేదు. అయితే ఆకులోని ఈజీసీజీ అనే పదార్థాన్ని గాఢంగా పిండి క్యాప్సూళ్లలో నింపినప్పుడు, ఎన్నో కప్పుల్లో రోజంతా విడివిడిగా అందవలసినది ఒక్క గుక్కలో కాలేయానికి చేరుతుంది. పైగా ఖాళీ కడుపుతో తీసుకుంటే అది రక్తంలోకి మరింత ఎక్కువగా చేరుతుంది. అమెరికాలో వెయ్యికి పైగా స్త్రీలలో సగం మందికి ఏడాదిపాటు రోజుకు సుమారు 843 మిల్లీగ్రాముల ఈజీసీజీ, మిగతావారికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చిన ఒక అధ్యయనంలో, ఆ సారం తీసుకున్నవారిలో దాదాపు 5 శాతం మందికి ఏఎల్‌టీ చెప్పుకోదగినంత పెరిగింది. ఉత్తుత్తి మాత్రలు తీసుకున్నవారిలో అది ఒక శాతం కన్నా తక్కువ. రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి తీసుకుంటే కాలేయ ఎంజైములు పెరుగుతున్నాయని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో తేల్చగా, 2022లో ఐరోపా సమాఖ్య ఆ మోతాదుకు చట్టపరంగా అడ్డుకట్ట వేసింది.

ఇక్కడ నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం మరొకటి ఉంది. ఒకే సీసాలోని క్యాప్సూళ్లు పదిమంది వాడితే తొమ్మిది మందికి ఏమీ కాకపోవచ్చు, ఆ తొమ్మిది మంది మాటే అందరికీ వినిపిస్తుంది. గ్రీన్ టీ సారం వల్ల కాలేయం దెబ్బతిన్నవారి జన్యువులను పరిశీలించినప్పుడు, నూటికి 72 మందిలో హెచ్‌ఎల్‌ఏ-బి*35:01 అనే రకం కనిపించింది. సాధారణ జనాభాలో అది నూటికి పది పన్నెండు మందిలోనే ఉంటుంది. గార్సీనియా కాంబోజియా అనే మరో ప్రసిద్ధ బరువు తగ్గించే సారం విషయంలోనూ ఇదే జన్యురకం పేరు వినవస్తోంది. తనలో ఆ రకం ఉందో లేదో తెలుసుకుని సీసా మూత తీసేవారెవరూ ఉండరు గనుక, ‘మా స్నేహితుడికి బాగా పనిచేసింది’ అన్న సాక్ష్యం మన కాలేయం గురించి ఏమీ చెప్పదు.

‘సహజం’ అన్న మాట గురించి కొంచెం చెప్పాలి. జర్మాండర్ అనే మొక్కను ఐరోపాలో శతాబ్దాలపాటు నిరపాయకరమని భావించి వాడారు. ఫ్రాన్సులో దానిని బరువు తగ్గించే క్యాప్సూళ్లుగా విస్తృతంగా అమ్మడం మొదలైన కొన్నేళ్లకే కాలేయ వాపు కేసులు వరుసగా బయటపడి, 1992లో నిషేధించవలసి వచ్చింది. ఆ మొక్కలోని పదార్థం నేరుగా విషం కాదు. దానిని శుద్ధి చేయబోయిన కాలేయ ఎంజైమే దానిని కణాలను దెబ్బతీసే రూపంలోకి మార్చేస్తుంది. కాపలాదారు చేతనే ఇల్లు తగలబెట్టించినట్టు ఉంటుందీ వ్యవహారం.

అమెరికాలో 1994 నాటి చట్టం ప్రకారం ఇలాంటి సప్లిమెంట్లకు మార్కెట్లోకి రాకముందు మందుల మాదిరి అనుమతి అక్కర్లేదు. హాని జరిగాక ప్రభుత్వమే దానిని నిరూపించుకోవాలి. హైడ్రాక్సీకట్ పేరుతో అమ్మిన బరువు తగ్గించే ఉత్పత్తులను వాడవద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2009 మే నెలలో హెచ్చరించేనాటికి దాని దగ్గర 23 తీవ్రమైన కేసుల నివేదికలు ఉన్నాయి, ఒక మరణం కూడా అందులో ఉంది. 2013లో హవాయిలో హఠాత్తుగా కాలేయ వాపు కేసులు పెరిగినప్పుడు వాటిలో అధికభాగం ఆక్సీఎలైట్ ప్రో అనే బరువు తగ్గించే సప్లిమెంటు వాడినవారివేనని గమనించారు. 2014 ఫిబ్రవరి నాటికి లెక్కకు వచ్చినవారు 97 మంది, వారిలో ముగ్గురికి కాలేయ మార్పిడి జరిగింది, ఒకరు మరణించారు. అందులో అనుమానితంగా నిలిచిన ఎజెలీన్ మారేడు చెట్టులో దొరికే పదార్థమే. దానినే కారణమనడాన్ని కొందరు నిపుణులు ఆక్షేపించారన్నదీ నిజం. ఈ రెండు ఉదంతాల్లోనూ ఉత్పత్తి పేరు అదే ఉండగా లోపలి పదార్థాలు అంతకుముందే మారాయి. పాత సీసా ఒంటికి పడిందని కొత్తది కొనడం ఎంత గుడ్డితనమో దీన్నిబట్టి తెలుస్తుంది.

సీసా మీది చీటీపై రాయనివి కలపడం మరో బెడద. 2007 నుంచి 2016 వరకు అమెరికాలో రహస్యంగా మందులు కలిపినట్టు గుర్తించిన 776 సప్లిమెంట్లలో దాదాపు 41 శాతం బరువు తగ్గించేవే. వాటిలో ఎక్కువగా దొరికింది, గుండెకు ముప్పని 2010లో అక్కడ ఉపసంహరించిన సిబ్యూట్రమిన్.

కాలేయం దెబ్బతినడం చాలాసార్లు వాడటం మొదలుపెట్టిన ఒకటి నుంచి ఆరు నెలల్లోపు బయటపడుతుంది. నాకు ఏ లక్షణమూ లేదు. కొందరికి మొదట నీరసం, వికారం, ఆకలి చావడం, ఆ తరువాత మూత్రం ముదురు రంగులోకి మారడం, ఒళ్లంతా దురద, కళ్లు పచ్చబడటం కనిపిస్తాయి. ఎంజైములతోపాటు బిలిరుబిన్ అనే రక్తంలోని పసుపు వర్ణకం కూడా రెట్టింపు దాటి పెరిగి కామెర్లు వచ్చాయంటే పరిస్థితి వేరు. అలాంటివారిలో సుమారు పదిమందిలో ఒకరికి ప్రాణాపాయం ఉండవచ్చని హైమన్ జిమ్మర్‌మన్ అనే వైద్యుడు గమనించిన సూత్రం నేటికీ ప్రమాణంగా ఉంది. మాటలో తడబాటు, మగత మొదలైతే ఒక్క పూట కూడా ఆగకూడదు. ఇది ఫలానా క్యాప్సూలు పనేనని నిర్ధారించే పరీక్ష ఏదీ లేదు. హెపటైటిస్ వైరస్‌లు, పిత్తనాళాల అడ్డంకులు, శరీర రక్షణ వ్యవస్థే కాలేయంపై తిరగబడే జబ్బు, వీటన్నింటినీ ఒక్కొక్కటిగా తోసిపుచ్చుతూ రావాలి. ఆ వరుసలో సప్లిమెంటు పేరు అసలు నమోదే కాకపోతే వైద్యుడు ఎంత సమర్థుడైనా దానిని పట్టుకోలేడు.

నేను ఆ రోజే మానేశాను. నెల తిరిగేసరికి ఏఎల్‌టీ సగానికి, మరో నెలకు మామూలు స్థాయికి దిగింది. ఆపితే తగ్గిందని తెలిశాక, అనుమానం తీర్చుకోవడానికి మళ్లీ వేసి చూడవద్దని వైద్యురాలు గట్టిగా చెప్పారు. రెండోసారి దెబ్బ త్వరగానూ తీవ్రంగానూ తగలవచ్చట. ఆమె సీసా తెమ్మంటే తీసుకువెళ్లాను. రోజుకు ఎంత ఈజీసీజీ తీసుకున్నానో లెక్క కడదామని ఇద్దరం చీటీ తిప్పి చదివితే, పదమూడు పదార్థాల పేర్ల కింద ‘ప్రత్యేక మిశ్రమం’ అని మొత్తం బరువు ఒక్కటే ఉంది. ఏది ఎంతన్నది ఎక్కడా రాయలేదు. ఆమె నా ఫైలులో మోతాదు అన్నచోట ఒక గీత గీశారు.